ఆరు లెక్కపెట్టే లోపు

ప్రశాంతంగా ఉండమని డాక్టరు మేస్త్రికి చెప్పిన రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరికీ ప్రశాంతత లేదు.

డాక్టరు చెప్పినవి ఐదే ఐదు ముక్కలు. ఉప్పు తగ్గించాలి. పొద్దునా సాయంత్రం నడవాలి. వేళకు పడుకోవాలి. రోజుకు రెండుసార్లు కుదురుగా కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీసి వదలాలి. అరవకూడదు. అందరూ అత్తయ్య అని పిలిచే మేస్త్రి భార్య వాటిని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయించి, అద్దాల కొట్లో కోత బల్లకు ఎదురుగా గోడకు అంటించింది. దాన్ని చదివినప్పుడల్లా మేస్త్రికి రక్తపోటు ఇంకాస్త పెరిగేది.

"నేనిక్కడ ప్రశాంతంగా కూర్చున్నాను! ఎవరక్కడ గిన్నెలు మోగించేది?" అని ఊపిరి కసరత్తు మధ్యలో కేకేసేవాడు.

"ప్రశాంతంగా కూర్చున్న మనిషికి గిన్నెలతో ఏం పనండీ?" అనేది కొట్టు వెనక వంటగదిలోంచి అత్తయ్య.

ఆ కసరత్తుకు లెక్కపెట్టే పని మేనకోడలిది. ఆయన ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని, బల్ల మీద వేలితో తడుతూ, నాలుగు లోపలికి, ఆరు బయటికి అని లెక్క చెప్పాలి. మేస్త్రి మూడో ఊపిరి దాకా బుద్ధిగా ఉండేవాడు. నాలుగో ఊపిరికి వీధిలో హారనో, గుమ్మంలో బేరమో, వంటింట్లో మూకుడో ఆయన్ని లాక్కుపోయేది. ఆయన అరవడం ముగించి వచ్చేదాకా ఆమె లెక్క ఆపేది కాదు. మొదలుపెట్టిన లెక్కను మధ్యలో వదిలేయడం ఆమెకు చేతకాదు.

ఆమె ఆయన అక్క కూతురు. బడి చదువు అయ్యాక పని నేర్చుకోవడానికి వచ్చి, పదేళ్లుగా అక్కడే ఉండిపోయింది. కొలత ఒకటికి మూడుసార్లు చూసుకోనిదే అద్దం కోసే కట్టరు పట్టేది కాదు. అందుకే మేస్త్రి ఆమెకు 'నత్త' అని పేరు పెట్టాడు. ఆ పేరు వీధి వీధంతా పాకిపోయింది.

ఆ నత్త ఆరు నెలలుగా కట్టరు ముట్టలేదు.

ఆరు నెలల కిందట ఒక రోజు కిటికీ అద్దం ఒకటి గీసి, విరవడానికి రెండు చేతుల్లోకి తీసుకుంది. వెనక నుంచి మేస్త్రి "ఆగు!" అని అరిచాడు. కొలత మార్చమని ఎవరో వచ్చి చెప్పారంతే. ఆమె ఉలిక్కిపడింది. అద్దం చేతుల్లోనే పగిలి, బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా తెగింది. పదకొండు కుట్లు పడ్డాయి. గాయం మానింది. కానీ కట్టరు పట్టుకోగానే ఆ బొటనవేలు చల్లబడిపోయేది, తనది కానట్టు. చట్రాలు బిగించేది, కొలతలు తీసేది, అద్దాలు తుడిచేది. కోతలన్నీ మేస్త్రే చేసేవాడు. ఆ రోజు గురించి ఆయనా మాట్లాడలేదు, ఆమె కూడా మాట్లాడలేదు.

నెల కిందట మేస్త్రి వేళ్లు వణకడం మొదలైంది. డాక్టరు మందు మార్చాడు. కొన్ని వారాల్లో సర్దుకుంటుందని, అందాకా పదునైనవేవీ పట్టుకోవద్దని చెప్పాడు. కోతకు వచ్చిన వాళ్లందరినీ వీధి చివరి కొట్టుకు పంపించేస్తున్నారు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున, పది గంటల వేళ, టైలరమ్మ వచ్చింది. వెనకాల ఇద్దరు మనుషులు దుప్పటి చుట్టిన నిలువుటద్దాన్ని పసిపిల్లను మోసినట్టు మోసుకొచ్చి, దించి వెళ్లిపోయారు.

"మేస్త్రిగారూ, మీరే దిక్కు," అంటూనే దుప్పటి తప్పించింది.

మనిషెత్తు అద్దం. పాతకాలపు మందం. కింద కుడి మూలలో ఒక పగులు పుట్టి, ఏటవాలుగా పైకి ఎక్కుతోంది.

"నిన్న సాయంత్రం ఇస్త్రీ పెట్టె జారి మూలకి తగిలింది. అప్పుడు చిటికెన వేలంత ఉంది. పొద్దున లేచి చూస్తే జానెడయింది. కొసన పెన్నుతో చుక్క పెట్టాను, ఇదిగో. ఇక్కడికి తెచ్చేలోపు చుక్కని కూడా దాటేసింది."

మేస్త్రి వంగి చూశాడు. చుక్కకు పైన రెండు వేళ్ల మేర పగులు వెంట్రుకలా మెరుస్తోంది.

"ఇది ఆగదమ్మా. వేడికి కొంచెం, కుదుపుకి కొంచెం పాకుతుంది. పగులుకి పైన అడ్డంగా కోసేస్తేనే మిగతాది దక్కుతుంది. చివరి కొట్టుకి వెళ్లకపోయావా?"

"వెళ్లాను. పాత అద్దం, చిట్లితే మా పూచీ లేదు, సాయంత్రం చూద్దాం అన్నాడు. సాయంత్రందాకా ఇది నాకోసం కూర్చుంటుందా?" టైలరమ్మ అద్దం అంచు నిమిరింది. "మా అమ్మ దీని ముందే పనిచేసింది. నేను పక్కన నిలబడి, ఇందులో ఆవిడ చేతులు చూసే సూది పట్టుకోవడం నేర్చుకున్నాను. ఆవిడదంటూ నా దగ్గర మిగిలింది ఇదొక్కటే."

మేస్త్రి చొక్కా చేతులు పైకి మడిచాడు.

"మీరు కాదు!" అంది అత్తయ్య, గుమ్మంలోకి వచ్చి.

"ఏం? ముప్పై ఏళ్లు కోశాను. ఇంకొక్కటి కోస్తే చేతులు రాలిపోతాయా?"

"రాలిపోవు. తెగుతాయి."

మేస్త్రి వినిపించుకోలేదు. కట్టరు తీసి కిరసనాయిల్లో ముంచాడు. దాని మూతి డబ్బా అంచుకు తగిలి టకటకమని కొట్టుకుంది. ఆయన చేతిని ఆపుదామని చూశాడు. అది ఆగలేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. ఇప్పుడు రెండూ వణికాయి.

మేనకోడలు ఆయన ముఖం చూసింది. మానుకునే మనిషి కాదని తెలుసు. ఆ చెయ్యి గీత మధ్యలో ఒక్కసారి కొట్టుకుంటే చాలు, అద్దం రెండు ముక్కలు కాదు, ఇరవై ముక్కలవుతుంది. ఆ ముక్కల మీద ఆయన ఉంటాడు.

"నేను కోస్తాను," అంది.

అన్నాక గాని, అన్నది తనేనని ఆమెకు తెలియలేదు.

మేస్త్రి ఆమె ముఖం చూడలేదు, ఆమె చేతి మీది మచ్చ చూశాడు. కట్టరును బల్ల మీద పెట్టి, ఆమె వైపు జరిపాడు.

ఆమె దాన్ని వెంటనే తీసుకోలేదు. జుట్టు ముడి వేసుకుంది. బల్ల మీది దుప్పటిని వీధిలోకి తీసుకెళ్లి దులిపి, మళ్లీ పరిచి, అరచేత్తో ఒక కొస నుంచి ఇంకో కొస దాకా రాసింది. తొట్టి దగ్గరకు వెళ్లి చన్నీళ్లలో చేతులు కడుక్కుని, ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుంది. కట్టరు ముట్టని ఆరు నెలలూ, పని ఉన్నా లేకపోయినా, పొద్దున లేవగానే ఇదే వరసలో ఇవన్నీ చేసేది. ఎందుకు చేస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది.

"అమ్మాయ్, స్నానం కూడా చేసొస్తావా?" టైలరమ్మ ఉండబట్టలేకపోయింది. "అక్కడ పగులు నడుస్తోంది!"

"నత్తని తొందరపెడితే గుల్లలోకి పోతుంది. మాట్లాడకుండా ఉండు," అంది అత్తయ్య.

నలుగురూ కలిసి అద్దాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. అప్పుడు వినపడింది, టిక్‌మని, గోరు విరిగినట్టు. పగులు ఇంకో వేలు మేర పాకింది. టైలరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మేనకోడలు గుడ్డతో అద్దం ముఖాన్ని తుడిచింది. ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా కట్టరు దాని మీద ఎగురుతుంది. పగులు కొసకు జానెడు పైన స్కేలు పెట్టింది. ఒకసారి చూసింది. రెండోసారి చూసింది. మూడోసారి కూడా చూసింది.

అద్దం మీద గీత ఒక్కసారే గీయాలి. మధ్యలో ఆగకూడదు, వెనక్కు వెళ్లకూడదు, గీసిన దాని మీద మళ్లీ గీయకూడదు. చెయ్యి ఎక్కడ తడబడితే అక్కడి నుంచి అద్దం తనకు నచ్చిన దారి పడుతుంది. తర్వాత ఎంత బతిమాలినా వెనక్కు రాదు.

కట్టరు తీసుకుని అవతలి అంచున ఆనించబోయింది. బొటనవేలు చల్లబడింది. ఆ చలి మణికట్టులోకి, మోచేతిలోకి ఎక్కింది. కట్టరు ఇంకా అద్దానికి తగలకముందే చెయ్యి వెనక్కు తీసేసింది.

అద్దంలో ఆమెకు తన ముఖం కనిపించింది, దాని వెనక పైకప్పు, ఒక పక్కగా తలకిందులుగా మేస్త్రి ముఖం. ఆయన ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. తనూ బిగబట్టుకునే ఉన్నానని అప్పుడు తెలిసింది.

"మామయ్యా, లెక్కపెట్టు."

"నేనా?"

"నువ్వే. నాలుగు లోపలికి, ఆరు బయటికి."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ఒకటిరెండుమూడునాలుగు—"

"బస్సు పోతోందా? నెమ్మదిగా. నేను చెప్పినట్టు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. వేలితో బల్ల కోడు మీద తట్టడం మొదలుపెట్టాడు, ఆమె రోజూ తట్టినట్టే. "ఒకటి. రెండు. మూడు. నాలుగు." ఆమె పీల్చింది. "ఒకటి. రెండు..." వదిలింది. భుజాలు వాటంతటవే దిగాయి. ఆ దారి వాటికి తెలుసు. నాలుగు నెలలుగా పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఆయనకు లెక్క చెబుతూ, ఆ లెక్కతో పాటే తనూ ఊపిరి తీసి వదిలింది. ఆయన లేచి వెళ్లి అరిచి వచ్చిన రోజుల్లోనూ వదిలింది. మందు ఆయనకు రాసిచ్చారు, తాగింది మాత్రం తను.

రెండో చుట్టుకు బొటనవేలు తనదే అయింది. మూడో చుట్టు పీల్చాక కట్టరును అవతలి అంచున ఆనించింది.

"ఒకటి."

కట్టరు మూతిలోని చక్రం అద్దాన్ని పట్టుకుంది. పట్టు చింపినట్టు సన్నగా సర్రుమంది.

"రెండు. మూడు."

గీత వెనకాల సన్నని తెల్లని దారంలా సాగుతోంది. స్కేలు వెంట చెయ్యి తన వైపుకు వస్తోంది. సగం దాటింది.

"నాలుగు."

వీధిలో లారీ తొట్టి తలుపు ధడాల్న పడింది. గోడవార నిలబెట్టిన అద్దాలన్నీ ఒక్కసారిగా గలగలమన్నాయి. టైలరమ్మ కెవ్వుమనబోయి మింగేసింది.

చేతి కింది అద్దంలో మేనకోడలికి మేస్త్రి ముఖం కనిపించింది. కళ్లు తెరుచుకున్నాయి. మెడ నరం ఉబ్బింది. నోరు బార్లా తెరుచుకుంది. ఆరు నెలల కిందట ఆమె వెనకాల తెరుచుకున్న నోరు అదే. ఆ రోజు చూడలేదు, ఈరోజు చూస్తోంది. కేక ఆయన గొంతు దాకా వచ్చేసింది. చెయ్యి ఆపడానికి లేదు. ఊపిరి ఇంకా రెండంకెలు మిగిలి ఉంది.

"ఐదు," అన్నాడు మేస్త్రి.

గట్టిగా కాదు. ముందు అంకెలు ఎలా అన్నాడో అలాగే. వేలు బల్ల కోడు మీద అదే తీరున పడింది.

"ఆరు."

చక్రం ఇవతలి అంచు మీంచి దిగి గాలిలోకి వచ్చింది.

"అయిపోయిందా?" టైలరమ్మ గుసగుసగా అడిగింది.

"సగం," అంది మేనకోడలు.

గీసింది విరిచినప్పుడే తేలుతుంది. కింది మూల నుంచి పగులు గీత వైపే చూస్తోంది. అది ముందుగా వచ్చి తగిలితే కుడి వైపంతా దాంతోపాటే పోతుంది. అందుకని ఆమె అద్దం కింది భాగాన్ని గీత దాకా బల్ల అంచు దాటించి, పగులు లేని ఎడమ కొస నుంచి మొదలుపెట్టి, కట్టరు పిడితో కింది నుంచి గీత మీద చిన్నగా తట్టింది. ఒకసారి. ఇంకోసారి. గీత కింద వెండి తీగలాంటిది ఒకటి మెరిసి, నెమ్మదిగా కుడి వైపుకు పరిగెత్తింది. ఆమె దాని వెంటే తట్టుకుంటూ వెళ్లింది. పగులు కొసకు ఎదురుగా వచ్చేసరికి ఆగి, మేస్త్రి వైపు చూసింది. ఆయన తల ఊపాడు. రెండు అరచేతులూ ఆనించి కిందికి నొక్కింది.

టప్.

కింది ముక్క ఆమె చేతుల్లోకి వచ్చింది. పగులు దానితోపాటే వచ్చేసింది. పై ముక్క బల్ల మీద, ఏమీ ఎరగనట్టు పైకప్పును చూస్తూ పడుకుని ఉంది. కుడి కొసన మాత్రం గోరంత పెచ్చు లేచింది.

"అది చట్రంలో కలిసిపోతుంది," అన్నాడు మేస్త్రి. అని, ముక్కాలి పీట మీద కూలబడ్డాడు.

టైలరమ్మ అద్దం చుట్టూ రెండుసార్లు తిరిగింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలిసినట్టు లేదు. "రెండు జానలు పొట్టిదైంది. ఇక నా దగ్గరికొచ్చే వాళ్లెవరికీ పాదాలుండవు."

"నువ్వు కుట్టేది మెడకీ చేతులకీనేగా. పాదాల సంగతి చెప్పులవాడు చూసుకుంటాడు," అంది అత్తయ్య.

మేనకోడలు కింది ముక్కను మూలన జాగ్రత్తగా నిలబెట్టి తొట్టి దగ్గరకు వెళ్లింది. చేతులు నీళ్లలో పెట్టాక అవి వణకడం మొదలుపెట్టాయి. నీళ్లు అలలుగా లేచి అంచు దాటి ఒలికాయి. అందరికీ వీపు పెట్టి నిలబడింది, ఎవరూ చూడకూడదని.

మేస్త్రి చూశాడు. లేచి వచ్చి, తన పీట ఆమె వెనకాల పెట్టాడు.

"కూర్చో."

కూర్చుంది. ఆయన ఎదురుగా బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన చేతులూ వణుకుతున్నాయి. కాసేపు ఇద్దరూ నాలుగు చేతుల వంకా చూసుకున్నారు.

"ఆ రోజు కూడా నా నోరు కాక లారీయే అయ్యుంటే బాగుండేదే పిల్లా," అన్నాడు ఆయన.

ఆరు నెలలుగా ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నానని ఆమె అనుకోలేదు. కానీ విన్నాక, మెడ వెనకాల ఎప్పటి నుంచో బిగుసుకుని ఉన్నదేదో వదులైంది. జవాబు చెప్పబోయింది.

"సరే, మాట్లాడకు. పీల్చు," అన్నాడు మేస్త్రి. వేలితో బల్ల మీద తట్టాడు. "ఒకటి. రెండు. మూడు."

వంటగదిలో మూకుడు ధభీమని కింద పడింది.

మేస్త్రి ఆగాడు. టైలరమ్మ ఆగింది. అత్తయ్య గుమ్మంలోనే నాలుక కరుచుకుని, గోడ మీది కాగితం వంక చూసింది.

"నాలుగు," అన్నాడు మేస్త్రి.