బ్రేకు మీద కాలు

"తొక్కు... తొక్కు... పట్టుకో. వదలద్దు!"

కారు కింద నుంచి మా ఆయన గొంతు. నాలుగోసారి తొక్కి పట్టుకున్నప్పుడు నా కుడి మోకాలు కలుక్కుమంది. సీట్లోంచి దిగలేకపోయాను.

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన మా ఇల్లు. ఇంటిముందు రేకుల కింద మా ఆయన మునిశేఖర్ పాత కార్లు బాగుచేస్తాడు. బ్రేకుల్లో చేరిన గాలి పోవాలంటే కింద ఒకరు మర వదులు చేయాలి, పైన ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి. ఆ పైమనిషిని నేను. పదహారేళ్ళుగా, పొయ్యి మీద ఎసరు పెట్టి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి తొక్కుతున్నాను. ఫ్యాను బెల్టులో పడి ఆయన చూపుడువేలి కొస పోయింది. ఇంటికెవరొచ్చినా ఆ వేలు చూపించి కథ చెబుతాడు. వాళ్ళు "అబ్బా" అంటారు. నేను కాఫీ ఇస్తాను. ఆ గ్లాసు అందించే నా ముంజేతి మీద రేడియేటరు నీళ్ళు చిమ్మి కాలిన మచ్చ జానెడుంది. దాని కథ ఎవరూ అడగలేదు. అడిగితే ఆయనకంటే బాగానే చెబుతాను.

ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "మోకాట్లో గుజ్జు అరిగిపోయింది, మళ్ళీ రాదు. ఏం పని చేస్తారు?" అంది.

"ఏం లేదు మేడం. ఊరికే ఇంట్లో ఉంటాది," అన్నాడాయన.

ఏడుపు రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. "బ్రేకు తొక్కుతానమ్మా, పదహారేళ్ళుగా," అన్నాను.

ఆమె నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "ఇక తొక్కకూడదు" అని చీటీలో రాసి కింద గీత గీసింది.

తిరిగి వస్తుంటే ఆయన బండి నెమ్మది చేశాడు. "మరి ఎవురు తొక్కుతారు కుసుమా?"

"నువ్వు తొక్కు. నేను కిందికి పోతా."

"నీకేం తెల్సే?"

"ఇన్నేండ్లు పైన కూసోని వింటా ఉంటి. యా మర కాడ ఎన్ని తిట్లు తిడతావో గూడా తెల్సు. పండుకోని చేసే పనికి మోకాలితో ఏం పని?"

మర్నాడు సోమల నుంచి ఒక అంబాసిడర్ వచ్చింది. కారు కింద దిమ్మెలు కదలకుండా ఉన్నాయని రెండుసార్లు చూసుకుని, ఆయన పాత చొక్కా తొడుక్కుని, గోనెపట్ట మీద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాను. "తొక్కు!" అని అరిచాను. ఎంత హాయిగా ఉందో ఆ మాట! మొదటి చక్రం కాడ ఆయిలు నా జుట్టులో పడింది. మూడో చక్రానికి చేయి కుదిరింది.

ఇంట్లోంచి మా అత్త అంజమ్మ పరుగున వచ్చింది. "ఒసే కుసుమా, సాలుగానీ లేవే! వాని కాలు నొస్తాదేమో!"

కింద పడుకుని ఒకటే నవ్వాను, పానా చేతిలోంచి జారేదాకా.

ఆఖరి చక్రం బిగిస్తుండగా కారు తీసుకుపోవడానికి కొత్త డ్రైవరెవరో వచ్చాడు. సీట్లో చెమటలు కక్కుతున్న మా ఆయన్ని చూసి, "మెకానిక్ యాడప్పా?" అన్నాడు.

నేను పానా తిప్పడం ఆపాను.

"కింద ఉండాది," అన్నాడు మా ఆయన.