కొండ చెట్లు వేయని వలయం

మీటింగ్ మొదలయ్యేలోపు తేల్చాలి. మైక్రోస్కోపు కింద పుల్లను ముందుకీ వెనక్కీ జరుపుతూనే ఉందామె. కాలు ఒకచోట నిలవడం లేదు.

వదిన ఆమెకు పెట్టిన పేరు చెదపురుగు. చెట్టుకు బోలు బరమాతో కన్నం వేసి, పెన్సిలంత పుల్లను బయటికి లాగి, అందులోని వలయాలు చదవడం ఆమె ఉద్యోగం. వలయం వెడల్పుగా ఉంటే ఆ ఏడు వానలు పడ్డట్టు, ఇరుగ్గా ఉంటే కరువు. ఊరికి కట్టబోయే జలాశయం ఎంత పెద్దదిగా ఉండాలో ఆమె లెక్కను బట్టే నిర్ణయించారు. ఇవాళ ఆ కాగితాల మీద సంతకం పెట్టాల్సింది నీటి శాఖ ఇంజనీరు. అంటే వదినే.

కొండ మీది చెట్లన్నీ ఒకే లెక్క చెప్పాయి. వాగు ఒడ్డు చెట్టులో మాత్రం ఒక వలయం ఎక్కువ. ఒక్కోసారి చెట్టు ఒకే ఏట రెండు వలయాలు వేసి బోల్తా కొట్టిస్తుంది. ఇదీ అలాంటిదేనని ఆమె అప్పట్లో దాన్ని పక్కన పడేసింది.

పొద్దున పళ్లు తోముకుంటుంటే అనుమానం పుట్టింది. తప్పు వాగు చెట్టుది కాకపోతే?

అలా ఒకే ఏట రెండోసారి వేసిన దొంగ వలయానికి అంచు మసకగా ఉంటుంది. దీని అంచు కత్తితో గీసినట్టుంది. కొండ చెట్ల లెక్కను ఆ ఒక్క ఏడాది వెనక్కి జరిపి చూసింది. అంతకు ముందటి ఏళ్లన్నీ వాగు చెట్టుతో సరిగ్గా కలిశాయి. అంటే ఇది నిజమైన వలయమే. ఆ ఏడు వాగు తడికి ఈ చెట్టొక్కటే పెరిగింది, కొండ మీది చెట్లు పెరగనే లేదు.

ఫోన్ అందుకుంది.

"ఏంటే చెదపురుగూ, మీటింగ్‌లో ఉన్నా," వదిన గుసగుసలాడింది.

"సంతకం పెట్టకు వదినా!"

"పెన్ను మూత తీశాకా చెప్పేది? అచ్చం మీ అన్నయ్యే. బట్టలన్నీ ఆరేశాక వానొస్తుందేమో అంటాడు."

"ఒక ఏడు కొండ చెట్లు వలయమే వేయలేదు. అంత కరువు మన లెక్కలో లేదు. జలాశయం చాలదు."

అవతల ఎవరో దగ్గారు.

"ఎంత పెంచాలి?"

"తెలీదు."

"ఎన్ని చెట్లు చెప్తున్నాయి?"

"ఒక్కటే."

"ఒక్కటా! వీళ్లు నన్ను నమిలి మింగేస్తారే."

"మింగనీ. ఊరికి నీళ్లు లేకపోతే ఏం చేస్తారు?"

కుర్చీ కిర్రుమంది. వదిన గొంతు ఫోన్‌కు దూరంగా, గట్టిగా వినిపించింది. "లెక్కలో తప్పు దొరికింది సార్. ఇవాళ సంతకం పెట్టను."

ఒక్కసారిగా గోల. కాసేపటికి మళ్లీ గుసగుస. "తప్పెవరిదని అడుగుతున్నారు."

"నాదేనని చెప్పు."

"అదెప్పుడో చెప్పేశా. వారంలోగా ఇంకో చెట్టు చూపించు. లేకపోతే ఇద్దరం ఇంట్లో కూర్చుని మీ అన్నయ్య వంట తినాలి."

వాగు వెంట అంత పాత చెట్టు ఇంకొకటి మిగిలి ఉందో లేదో ఆమెకు తెలీదు. బరమా సంచిలో పడేసుకుని, రెండేసి మెట్లు దూకుతూ దిగింది.