హ్యాండిల్ ఎడమకు తిప్పితే

ముప్పై రెండేళ్లు నేను బళ్లు బాగుచేశాను. ఇప్పుడు మా అల్లుడికి టార్చి పట్టుకుంటున్నాను.

రెండేళ్ల కిందట చేతులకు వణుకు వచ్చింది. పానా పట్టుకుంటే నట్టు మీద కూర్చోదు, దాని చుట్టూ తిరుగుతుంది. షెడ్డు ఖాళీ చేసి కూతురింటికి చేరాను. నాతోపాటు వచ్చిన ఆస్తి నా వంద సీసీ బండి ఒక్కటే. దాన్ని అల్లుడికి ఇచ్చేశాను. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "మావయ్యగారూ, దీన్ని కెఫే రేసర్ చేద్దామండీ" అన్నారు.

కెఫే రేసర్ అంటే ముందుకు వంగి నడిపే పాతకాలపు పందెం బండి వాలకం. కిందికి దిగిన హ్యాండిల్, పొట్టి సీటు, గుండ్రటి లైటు. అలాంటిది కొత్తగా కొనాలంటే మాలాంటివాళ్లు కలలో కొనుక్కోవాలి. అందుకే ఉన్నదాన్నే కోసి అతికించాలి. 'చేద్దాం' అన్నారు కదా, నన్నూ కలిపారు కదా అని ఆ పూట నాకు రెండు ముద్దలు ఎక్కువే దిగాయి.

తీరా చూస్తే కలిపింది టార్చి పట్టడానికి. పని ఆయన చేసుకుంటారు, పాఠం ఫోను చెబుతుంది. ఫోన్లో ఎవడో నల్ల తొడుగులేసుకుని చూపిస్తుంటాడు. మా అల్లుడు దాన్ని ఆపి నాకు వివరిస్తారు. "దీన్ని కార్బురేటర్ అంటారండీ." తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. నేను "ఓహో" అన్నాను.

అలాగని తెలివిలేని మనిషి కాదు. కొత్త హ్యాండిల్ కొనకుండా పాతదాన్నే ఊడదీసి తలకిందులుగా బిగించారు. పాత పరుపులో స్పాంజి తీసి, చెక్క పలక మీద అతికించి సీటు చేశారు. పెళ్లినాటి సూట్‌కేసు కోసి ఆ రెగ్జిన్ దానికి తొడిగారు. చూస్తే నాకే ముచ్చటేసింది.

ఒకసారి నోరు జారాను. "పలక మరీ పల్చగా ఉంది బాబూ, విరుగుతుంది" అన్నాను. ఆయన పలక మార్చారు. తర్వాత మూడు రోజులు బండి వైపు చూడలేదు. నాలుగో రోజు మా అమ్మాయి బట్టలు మడతపెడుతూ మెల్లగా అంది.

"సెల్‌ఫోన్ షాపులో ఓనరు చెబుతాడు, వచ్చినవాళ్లంతా చెబుతారు. పొద్దస్తమానం ఆయనకి చెప్పేవాళ్లే నాన్నా. ఇదొక్కటీ ఆయన్ని సొంతంగా చేసుకోనివ్వు. ఇంకేమీ అననని మాటియ్యి."

నోట్లో నువ్వుగింజ నానని మనిషిని, మాటిచ్చాను.

సరిగ్గా ఆ వారమే ఆయన యాక్సిలరేటర్ వైరు మార్చారు. హ్యాండిల్ కిందికి దిగాక పాత వైరు ముందు వేలాడుతోంది, చూడ్డానికి బాగాలేదు. పాత సామాన్ల కొట్లో ఏదో మోపెడ్‌ది పొట్టి వైరు దొరికితే తెచ్చి బిగించారు. టార్చి నా చేతిలోనే ఉంది. వైరు లాగిపెట్టినట్టు ఉండటం నాకు స్పష్టంగా కనిపించింది. షెడ్డులో ఏ బండినైనా అప్పగించేముందు ఇంజను ఆన్‌లో ఉంచి హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, చెవి పెట్టేవాణ్ణి. శబ్దం పెరిగిందంటే బండి గడప దాటేది కాదు. వైరు చాలకపోతే హ్యాండిల్ తిప్పడమే యాక్సిలరేటర్ ఇవ్వడం అవుతుంది. బండి దానంతటదే దూకుతుంది.

వంటగదిలోకి వెళ్లి "అమ్మా, ఆ వైరు..." అన్నాను.

"నాన్నా!" అంది, అంతే. తిరిగొచ్చి కూర్చున్నాను.

మర్నాడు ఆయన షాపుకి వెళ్లాక నేనే పానా తీశాను. వైరు చివరి నట్టు రెండు చుట్లు వదులు చేస్తే చాలు. అరగంట కుస్తీ పట్టాను. పానా జారి మూడుసార్లు ట్యాంకుకి తగిలి, కొత్త రంగు మీద గీత పడింది. గీతను ఉమ్మితో తుడిచి, పానా ఎక్కడిదక్కడ పెట్టేశాను. నా చేతుల్ని చూసుకుంటే ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున బండి వీధిలోకి దిగింది. నిజం చెప్పొద్దూ, భలే ఉంది. మోత రావాలని సైలెన్సర్ లోపలి గొట్టం కూడా తీసేశారేమో, స్టార్ట్ చేయగానే వీధంతా దద్దరిల్లింది. మా అమ్మాయి గుమ్మంలో చెవులు మూసుకుని నవ్వుతోంది. ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

మా వీధి చివర గోడ ఉంటుంది. అక్కడ ఎడమకు తిరగాలి.

ఇక మాటా లేదు, మన్నూ లేదనుకుని అరిచాను. "బాబూ, ఆగండి! హ్యాండిల్ తిప్పకండి!" నా గొంతు నాకే వినపడలేదు. రెండు చేతులూ ఎత్తి ఊపాను. నా చేతులు ఎప్పుడూ ఊగేవే కదా. ఆయన నవ్వి, తలూపి, వెళ్లిపోయారు.

మలుపులో ఇంజను ఒక్కసారిగా గీపెట్టింది. ఆ తర్వాత చప్పుడు లేదు.

ప్రాణానికేం కాలేదు. కుడి మణికట్టు విరిగింది. హ్యాండిల్ వంకరపోయి, లైటు పగిలింది. కట్టు కట్టించుకుని వచ్చి ఆయన మంచం మీద కూర్చుని, "నేను యాక్సిలరేటర్ ఇవ్వలేదండీ, దానంతటదే లేచింది" అని అదే మాట పదిసార్లు చెప్పారు. బండి అడుగున ఏం విరిగిందో చూడటానికి నేను తీసిన టార్చి ఇంకా నా చేతిలోనే ఉంది. మా అమ్మాయి నా వైపు తిరిగింది.

"రోజూ పక్కనే ఉన్నావు కదా నాన్నా. నీకు తెలియలేదా?"

మాట తీసుకున్నది తనేనని దానికి గుర్తులేదు. గుర్తుచేయొచ్చు. చేస్తే ఆ విరిగిన చెయ్యి తనవల్లేనని బతికినంతకాలం కుమిలిపోతుంది.

"కనపడలేదమ్మా," అన్నాను. "ఈమధ్య చూపు ఆనడం లేదు."

ఒక్కరైనా నమ్మకపోతే బాగుండేది. ఇద్దరూ వెంటనే నమ్మారు.

"అయ్యో, ముందే చెప్పకూడదా మావయ్యగారూ? ఇక మీకు శ్రమ పెట్టనండీ" అని, మా అల్లుడు బాగున్న చేత్తో నా చేతిలో టార్చి తీసుకుని పై అరలో పెట్టేశారు.