దేశం పాట

తెలియని విషయాన్ని తెలియదని ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఈ కథంతా ఆ జబ్బు వల్ల జరిగిందే.

1987లో నేను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీకి వెల్ఫేర్ ఆఫీసరుని. మాది కాకినాడ. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఆగస్టు పదిహేనుకి మా కార్మికుల చేత పాటలు పాడించి రేడియోలో వేస్తామని హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంకేముంది, నాకు కాలు నిలవలేదు. కాగితం తీసి నాలుగు గీతలు గీసి, ఒక్కో గీత మీద ఒక్కో పాట రాశాను. పూల పాట, అమ్మ పాట, గుర్రం పాట, దేశం పాట. పూల పాటకు ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్ళు దొరికారు. అమ్మ పాట మా ఆవిడ పాడుతానంది. క్యాంటీన్ వంటవాడు యాదన్నకి పీర్ల పండుగ గుర్రం పాట వచ్చు. దేశం పాటకే మనిషి లేడు. పంద్రాగస్టున అదే లేకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

"ఎవరికైనా దేశం పాట వస్తే చెప్పండయ్యా" అని క్యాంటీన్‌లో అరిచాను. చీపురు పక్కన పెట్టి మల్లవ్వ వచ్చింది. పక్కూరు చిట్కుల్ నుంచి వచ్చి ఫ్యాక్టరీ ఊడ్చే మనిషి. యాభై ఏళ్ళుంటాయి.

"నాకొస్తది సారూ. నేనే కట్టిన. నా కొడుకు దేశం పోయిండు, గా పాటనే."

ఆ పక్క 'దేశం పోయాడు' అంటే ఎవరికీ చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోయాడని అర్థం. ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం మిలిటరీకి వెళ్ళాడనే అనుకున్నాను. అడగొచ్చు కదా! అడిగితే నేను చలపతిరావుని ఎందుకవుతాను?

"ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాను.

"ఏమో సారూ. షోలాపూర్ల కనవడ్డడని ఒగలంటరు, బొంబాయిల ఉన్నడని ఒగలంటరు. మూడేండ్లాయె."

"ఉత్తరాలు రాస్తాడా?"

"రాయడు."

"వాళ్ళ డ్యూటీ అలాంటిది" అన్నాను, అంతా తెలిసినట్టు. ఆమె నా వైపు అదోలా చూసింది గానీ, ఆఫీసరు మాట కదా, ఎదురు చెప్పలేదు.

అసలు సంగతి వేరు. ఆమె కొడుకు మొగులయ్య సంగారెడ్డిలో టాంగా తోలేవాడు. ఆటోలు వచ్చి బేరాలు తగ్గాక, వాళ్ళ నాన్న ఒకరోజు చెప్పాపెట్టకుండా గుర్రాన్ని అమ్మేశాడు. తండ్రీకొడుకులు కలబడ్డారు. మధ్యలో మల్లవ్వ మొగుడి పక్షం మాట్లాడింది. తెల్లారేసరికి కుర్రాడు లేడు. ఇదంతా ఫ్యాక్టరీలో నాకు తప్ప అందరికీ తెలుసు.

పాట పాడతానన్నప్పట్నుంచి మల్లవ్వ రోజూ నా గది ఊడుస్తూ ప్రశ్నలే. "రేడియో షోలాపూర్ల ఇనవడ్తదా సారూ?" వినపడుతుంది. "బొంబాయిల?" వినపడుతుంది. "టాంగలోళ్ళు ఉండే తాన రేడియో పెడ్తరా?" ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేది. కాళ్ళ దగ్గర ఆ చీపురు తిరుగుతుంటే నాకు పని సాగేది కాదు. "పెడతారు, వెళ్ళవమ్మా" అని కసిరేవాణ్ణి.

రికార్డింగ్ నాడు రేడియో వాళ్ళు వ్యానులో వచ్చారు. మల్లవ్వ పాడింది.

*తంగేడు పూలు తెంపేటి కొడుకా*
*తలవాకిట నీకు అమ్మనున్నరా*
*జీను లేని గుర్రమెక్కినవురా*
*జెప్పక దేశం పోయినవురా*

గొంతు బొంగురు. అయినా ఒళ్ళు గగుర్పొడిచింది. పూలు, అమ్మ, గుర్రం, దేశం, నేను గీసిన నాలుగు గీతలూ ఒక్క పాటలో! గుర్రమన్నది కాబట్టి అశ్వికదళం అనుకున్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది. ఇంతలో చివరి చరణం ఎత్తుకుంది.

*చిట్కుల మల్లవ్వ కొడుకా మొగులా*
*అయ్య కోపమంత ఆరిపాయెరా*
*దేశం సాలుర, ఇంటికి రారా*
*తలుపు ఏసుకోలే, జల్ది రారా*

దేశం చాలట! పంద్రాగస్టున, రేడియోలో, ఒక సిపాయి తల్లి కొడుకుని ఉద్యోగం వదిలి వచ్చెయ్యమంటుందా? రేడియో ఆయన్ని పక్కకి పిలిచి ఆ చరణం తీసెయ్యమన్నాను. ఆయనకీ పాట ఒక నిమిషం ఎక్కువైంది, సరేనన్నాడు. కొడుకుని సైన్యానికి ఇచ్చిన తల్లి అని చెప్పమని కూడా నేనే రాసిచ్చాను.

వ్యాను కదులుతుంటే మల్లవ్వ పరుగెత్తుకొచ్చింది. "మావోని పేరు అచ్చిందా సారూ అండ్ల?"

"అంతా వచ్చింది" అన్నాను. ఈ అబద్ధం మాత్రం తెలిసి ఆడిందే.

పంద్రాగస్టు పొద్దున జెండా ఎగరేశాక, బూందీ పొట్లాలు పంచి, రేడియోని మైకుకి తగిలించాం. మల్లవ్వ కొత్త చీర కట్టుకుని అందరికంటే ముందు నిలబడింది. ఒక చోట నిలవలేక రేడియో దగ్గరికి వెళ్ళేది, వచ్చేది. బూందీ ముట్టుకోలేదు. పూల పాట అయింది. మా ఆవిడ పాట అయింది. యాదన్న పాట అయింది. తరవాత, "కన్నకొడుకును దేశరక్షణకు పంపిన వీరమాత మల్లమ్మ గారు" అని వినిపించింది. నేను చప్పట్లు మొదలుపెట్టాను. ఎవరూ అందుకోలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు.

పాట వచ్చింది. జెప్పక దేశం పోయినవురా, అన్నాక ఆగిపోయింది. మల్లవ్వ అందరినీ ఊరుకోమని చెయ్యి ఎత్తింది. రేడియోలో బ్యాండు మోగి, వార్తలు మొదలయ్యాయి. ఆ చెయ్యి అలాగే ఉంది.

"ఇంకున్నది గద సారూ?"

యాదన్న నా చెవి దగ్గరికొచ్చాడు. "రక్షణ ఏంది సార్? దేశం పోయిండంటే ఇల్లిడిసి పోయిండని. మిలిట్రీ అని ఎవలు చెప్పిండ్రు మీకు?"

అంతమందిలో నోరు తెరవడం కష్టమైంది గానీ, తెరిచాను. "నేనే తీయించాను మల్లవ్వా. నాకు అర్థం కాలేదు. తప్పయింది."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె చెయ్యి దించి, కొంగు సర్దుకుంది.

"మావోడు ఇన్నడే అనుకో సారూ. నా గొంతు గుర్తువడ్తడు. రమ్మంటదేమో అని పాటంత ఇంటడు. అమ్మ రమ్మనలే అనుకోడా?"

"హైదరాబాదు వెళ్తాను. రేపే వెళ్తాను. కాళ్ళు పట్టుకుని అయినా మళ్ళీ పాడిస్తాను" అన్నాను.

"నువ్వు పాడిస్తవు, నేను పాడ్త" అంది మల్లవ్వ. "ఇయ్యాల ఇన్నోడు మల్ల ఇంటడా సారూ?"