నా మాట నెగ్గిన పదిహేడు నిమిషాలు

నేను ఒక స్విచ్‌ను. గోడ మీద నొక్కితే ఫ్యాన్ తిరిగే స్విచ్‌ను కాను. డేటా సెంటర్లో కంప్యూటర్ల మధ్య కూర్చుని, ఏ సమాచారం ఏ కేబుల్ వెంట పోవాలో చెప్పే పెట్టెను. తపాలా ఆఫీసులో ఉత్తరాలను ఊళ్లవారీగా విడదీసే మనిషి పనే నాదీ. కాకపోతే నేను ఆ పని రెప్పపాటులో లక్షసార్లు చేస్తాను, మధ్యలో టీకి లేవను. ఈ గొప్పలు ఇప్పుడే చెప్పుకోనివ్వండి. తర్వాత చెప్పబోయేదంతా సిగ్గుపడే సంగతే.

ఎక్కడో సముద్రాల అవతల పుట్టి, విశాఖపట్నం మధురవాడలో ఒక డేటా సెంటర్‌కు చేరాను. నన్ను అట్టపెట్టెలోంచి తీసి, ర్యాకులో బిగించి, దారులన్నీ నేర్పింది పైడితల్లి అనే టెక్నీషియన్. విజయనగరం వైపు మనిషి, నలభై దాటిన వయసు, కాంట్రాక్టు ఉద్యోగం. నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రి కంప్యూటర్లు మా హాల్లోనే ఉండేవి. వాటికి దారి చూపడం నా పని. నా పక్కనే నాలాంటిదే ఇంకో స్విచ్ ఉండేది. ఇద్దరిలో పెద్దరికం నాదే, నేను చెబితే అది వినాలి. అలాగని పైడితల్లే రాసిపెట్టింది. ఆరేళ్లు మా ఇష్టారాజ్యంగా గడిచాయి.

తర్వాత మనుషులకు కొత్త తెలివి వచ్చింది. ఒక్కో పనికి ఒక్కో యంత్రం ఎందుకు, ఒకే యంత్రంలో పది యంత్రాలున్నట్టు నడిపించవచ్చు కదా అన్నారు. దానికి వర్చువలైజేషన్ అని పేరు పెట్టారు. నలభై యంత్రాల పనిని నాలుగింట్లో కుక్కారు. హాలు సగం ఖాళీ అయింది. ఆ మరుసటి ఏడు మా వంతు వచ్చింది. ఇకనుంచి దారులను స్విచ్‌లు నిర్ణయించవట. కంట్రోలర్ అనే సాఫ్ట్‌వేర్ ఒకచోట కూర్చుని ఆజ్ఞాపిస్తే మేం తలాడించాలట. ఆసుపత్రి యంత్రాలు ఇవాళ ఒక ర్యాకులో, రేపు ఇంకో ర్యాకులో ఉంటాయి గనుక వాటి జాడ దానికే తెలుస్తుందట. నాకు ఒళ్లు మండింది. కానీ ఏం చేస్తాను?

మార్పు జరిగిన రోజున పైడితల్లి మేనేజర్‌ను ఒక మాట అడిగింది. ఆయన పేరు ఉదయ్ భాస్కర్, హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చిన చురుకైన మనిషి.

"పాత దారులన్నీ దీని మెమరీలో అలాగే ఉండిపోనాయి సార్. సెరిపీమంటారా?"

"ఉండనివ్వండి పైడితల్లి గారూ. ఎప్పుడైనా అక్కరకొస్తాయి."

ఆ మాటను ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు పనిముట్లకు సెలవివ్వడం ఆనవాయితీ. మా హాల్లో అన్నింటినీ ఆపడం కుదరదు కాబట్టి, ఏటా ఖాళీగా ఉన్న ఒక యంత్రాన్ని కాసేపు ఆపి, బొట్టు పెట్టి పూజ చేసేవారు. ఆ ఏడు ఖాళీ యంత్రమే లేదు. మిగిలిన నాలుగూ పీకలదాకా పనిలో ఉన్నాయి. ఉదయ్ భాస్కర్ చుట్టూ చూసి నా వైపు వేలు చూపించాడు. "దీనికి జత ఉంది కదా, అది చూసుకుంటుంది. దీన్ని ఆపండి" అన్నాడు. పైడితల్లి ఆపింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని మళ్లీ కరెంటు ఇచ్చింది.

మేల్కోగానే నేను కంట్రోలర్ ఆజ్ఞ కోసం నోరు మూసుకుని ఎదురుచూడాలి. చూడలేదు. పాత దారులు నా లోపల చెక్కుచెదరకుండా ఉన్నాయి. "ఆసుపత్రి ఎటో నాకు తెలుసు, అంతా నాకే పంపు" అని పక్కదానికి చెప్పాను. పాత పెద్దరికం కదా, అది నమ్మింది. వచ్చినదంతా ఎప్పుడో ఖాళీ చేసిన ర్యాకు వైపు తోసేశాను. ఇప్పుడు కంట్రోలర్ ఆజ్ఞలు కూడా నా మీదుగానే పోవాలి గనుక అవీ ఎవరికీ చేరలేదు. ఇలా పదిహేడు నిమిషాలు. అక్కడ ఆసుపత్రిలో టోకెన్ కౌంటర్లు ఆగిపోయాయి. రక్తపరీక్షల రిపోర్టులు డాక్టర్ల ముందుకు రాలేదు. జనం తమ జబ్బు మనుషుల్ని పట్టుకుని వరుసల్లో నిలబడిపోయారు. యంత్రానికి ఏం తెలుస్తుందిలే అని మీరు నన్ను వదిలేయవచ్చు. నన్ను నేను వదిలేసుకోలేను. ఆ పదిహేడు నిమిషాలూ నాకెంత సంతోషంగా ఉందో నాకు తెలుసు.

కారణం పసిగట్టింది పైడితల్లే. పరుగున వచ్చి నా కేబుళ్లు లాగేసింది. దాంతో అన్నీ దారిన పడ్డాయి. ఆ రాత్రే నా పాత దారులన్నీ చెరిపేసి, కేబుళ్లు మళ్లీ తగిలించి నన్ను పనిలో పెట్టింది.

విచారణ జరిగింది. రికార్డుల్లో ఉన్నది రెండే సంగతులు. పాత దారులు రాసింది పైడితల్లి, కరెంటు ఇచ్చింది పైడితల్లి. "సెరిపీమంటారా అని మిమ్మల్ని అడిగినాను కద సార్" అందామె. "నాకు గుర్తులేదండీ" అన్నాడు ఉదయ్ భాస్కర్. ఆయన అబద్ధమాడాడని నేననను. మనుషుల మెమరీని ఎవరూ చెరపక్కర్లేదు, కావలసిన చోట అదే చెరిగిపోతుంది. ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు.

ఏడాది తిరక్కుండా నన్నూ పీకేశారు. ఇప్పుడు ఆటోనగర్‌లో ఒక తుక్కు గోడౌన్లో, పాత ప్రింటర్ కింద పడి ఉన్నాను. రేపో మాపో సుత్తి పడుతుంది. దానికి నాకు భయం లేదు. పైడితల్లి ఆఖరి రోజే మనసులోంచి పోవడం లేదు.

ఆ రోజు బ్యాడ్జి ఇచ్చేసే ముందు ఆమె ఒక్కతే హాల్లోకి వచ్చింది. నా ముందురేకు మీద చెయ్యి వేసింది.

"నీదేటి తప్పు నేదమ్మా" అంది. "నాను నేర్పిందే నువ్వు సేసినావు. ఇంకోపాలి అడిగి సెరిపీవలసింది. అంతమంది జబ్బు మనుషులు నా మూలానే నిలబడిపోనారు."

తప్పు తనదేనని నిజంగానే నమ్మేసింది. కాదని అరవాలనిపించింది నాకు. కానీ నాకున్న నోరల్లా నా దీపాలే. నలభై ఎనిమిదీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. అంతా సవ్యంగా ఉందని వాటి అర్థం. ఆమె వాటిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. కళ్లు తుడుచుకుని, తృప్తిగా తలూపి వెళ్లిపోయింది.