సాగనంపే సిస్టరు

"వెళ్తూ వెళ్తూ అన్నయ్యకి కాస్త కాఫీ ఇచ్చేసి వెళ్ళవూ" అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా. కాఫీ కలిపింది ఆమే, గ్లాసులో పోసింది ఆమే. ఆ గ్లాసుకీ అన్నయ్యకీ మధ్య ఉన్న దూరం సగం హాలు. ఆ సగం హాలు నడవగల మనిషి ఇంట్లో ఇంకొకరు కాలు మీద కాలేసుకుని కూర్చునే ఉన్నారు. అయినా ఆమే ఇచ్చింది. వాదిస్తే పావుగంట పడుతుంది, ఇచ్చేస్తే అర నిమిషం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె ఇలాంటి చిన్న చిన్న లెక్కల్లో గెలుస్తూ, మొత్తం మీద ఓడిపోతూనే వస్తోంది.

అన్నయ్య అంటే ఆమెకు బావగారు. మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుని, ఆపరేషన్ చేయించుకుని, నాలుగు రోజులుండి వెళ్తానని వచ్చి, నెలల తరబడి ఆమె గదిలో పాతుకుపోయారు. మాటవరసకి కాదు, నిజంగా ఆమె గదే. వంటింటి పక్కన పాత సామాన్లు పడేసే కొట్టు. ఏళ్ళ తరబడి పోరి, సామాన్లు అమ్మించి, ఒక బల్ల, ఒక మంచం, లోపలి నుంచి వేసుకునే గడియ ఒకటి సంపాదించుకుంది. వచ్చే నెలలో ఆమెకు పరీక్ష. పాసైతే ఆసుపత్రి మొత్తానికీ మంచాల వ్యవహారం చూసే పెద్ద ఉద్యోగం వస్తుంది. తప్పితే అది ఆమె దగ్గరే పని నేర్చుకున్న జూనియర్‌కి పోతుంది. మళ్ళీ అలాంటి అవకాశం రిటైరయ్యేలోపు రాదు. ఇప్పుడు ఆ బల్ల మీద బావగారి రేడియో, కళ్ళజోడు, నీళ్ళగ్లాసులో పళ్ళసెట్టు ఉన్నాయి. ఆమె పుస్తకాలు వంటింట్లో పప్పు డబ్బాల సరసన చేరాయి. చదువు పొయ్యి దగ్గర, నిలబడి, గరిటె చేత్తో పట్టుకుని.

ఆసుపత్రిలో ఆమెకు సాగనంపే సిస్టరు అని పేరు. వైద్యం అయిపోయినా ఇంటికి వెళ్ళలేని రోగులుంటారు. ఒకరికి ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టించాలి. ఒకరికి ముక్కులో గొట్టంలోంచి ఆహారం పోయడం ఎవరికైనా నేర్పాలి. ఒకరిది లిఫ్టు లేని మూడో అంతస్తు. ఒకరికి ముగ్గురు కొడుకులు. ఇది అన్నిటికన్నా పెద్ద చిక్కు. ఇవన్నీ విడదీసి, మనిషిని క్షేమంగా ఇల్లు చేర్చి, ఎమర్జెన్సీ వరండాలో స్ట్రెచర్ మీద మూలుగుతున్న మరో మనిషికి ఆ మంచం అందించడం ఆమె పని. రోజూ పొద్దున్నే వార్డు తిరుగుతూ, ప్రతి మంచం దగ్గరా ఆగి "ఈయన ఇంకా ఎందుకున్నారు?" అని అడుగుతుంది. ఆమె చెప్పుల చప్పుడు వింటే పెద్ద డాక్టర్లు సైతం రాయాల్సిన కాగితాలు వెతుక్కుంటారు.

అలాంటి మనిషి బావగారి దగ్గర బోల్తా పడింది. ఆయనా ఆమె వార్డులోనే ఉన్నారు మరి. ఎక్కడికి పంపాలా అని అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడుతుంటే, తోటికోడలు "నాకు మోకాళ్ళ నొప్పులు, లేవదీయలేను" అని గొణిగింది. వెంటనే భర్త లేచి నిలబడి, సభలో ఉపన్యాసం ఇస్తున్నట్టు, "మా ఇంటికి తీసుకెళ్తాం డాక్టర్‌గారూ. మా ఆవిడ నర్సే కదా, ఆసుపత్రి ఇంటికొచ్చినట్టే!" అన్నాడు. డాక్టర్ పొంగిపోయి అతని భుజం తట్టాడు. నెల రోజులకీ తెమలని వ్యవహారం నిమిషంలో తెమిలిందని ఆ వారం మీటింగులో ఆమెకు చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్లు విని ఏడవాలో నవ్వాలో ఆమెకు తెలియలేదు.

తుంటి అతుక్కుని చాలాకాలమైంది. గేటు చప్పుడైనప్పుడు మాత్రం బావగారు కుంటుతారు. ఒకరోజు తలనొప్పిగా ఉండి పెందలాడే ఇంటికొచ్చింది. వంటింట్లో ఆయన స్టూలెక్కి, మునివేళ్ళ మీద నిలబడి, పై అరలో బిస్కెట్ల డబ్బా అందుకుంటున్నారు. ఆమెను చూసి, స్టూలు మీది నుంచే "అబ్బా, తుంటి!" అని మూలిగారు. దిగేటప్పుడు చెయ్యి పట్టుకోమన్నారు కూడా.

ఆ రాత్రి భర్తతో అంది. "బావగారికి నయమైపోయిందండీ. ఇక వాళ్ళింటికి పంపిద్దాం."

"నీకు మనుషుల్ని తరిమేయడం అలవాటైపోయింది. ఇది ఆసుపత్రి కాదు, ఇల్లు."

"నాకు పరీక్ష."

"చదువుకోవద్దన్నామా ఎవరైనా?" అన్నాడు అతను, ఎంతో ఉదారంగా.

మర్నాడు ఆమె సెలవు పెట్టింది. రోగిని పంపే ముందు ఇల్లు చూసి రావడం ఆమె పద్ధతి. మెట్లెన్ని, బాత్రూం తలుపులో చక్రాల కుర్చీ పడుతుందా, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, అన్నీ కొలుస్తుంది. కొలతల టేపు సంచిలో వేసుకుని తోటికోడలి ఇంటికి వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం. చాలాసేపు తలుపు కొట్టాక, చెదిరిన జుట్టుతో, చెంప మీద దిండు అచ్చుతో తోటికోడలు తలుపు తీసింది.

"ఒంట్లో బాగాలేదా అక్కా?"

"లేదు చెల్లీ, నిద్రపోతున్నా" అంది, దొంగతనం బయటపడ్డట్టు మొహం పెట్టి. "రోజూ పోతున్నా. అడ్డంగా పడుకుని. ఎవరూ లేపట్లేదు."

వంటింట్లో కడిగి బోర్లించిన కంచం ఒకటే ఉంది. కిటికీ పక్కన బావగారి పడక కుర్చీ ఉండేచోట పూలకుండీ ఉంది. పడక కుర్చీ పెరట్లో ఎండలో ఉంది, దాని మీద పిల్లి ఉంది. తోటికోడలు టీ పెట్టడానికి చకచకా వంటింట్లోకి నడిచింది.

"మోకాళ్ళో?"

"అదే విచిత్రం. ఆయన అటు వెళ్ళాక నొప్పి కూడా ఆయన వెంటే వెళ్ళింది." నవ్వింది. తర్వాత సంచిలోంచి తొంగిచూస్తున్న టేపు వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. "పంపించేస్తావా? సరేలే. ఎన్నాళ్ళని నువ్వు మాత్రం చేస్తావు. రేపే పంపించు, కుండీ తీసేస్తాను."

ఆమెకు తన వార్డు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ "ఇంట్లో చూసుకోవడానికి ఎవరైనా ఉన్నారా?" అని అడగడం, మగవాళ్ళు "ఉంది" అనడం, తను టిక్కు పెట్టుకోవడం. ఉంది అంటే ఎవరు, ఆవిడ ఎప్పుడు నిద్రపోతుంది, ఆవిడకేం నొప్పులున్నాయి? మంచం ఖాళీ అయిందని సంబరపడిందే గాని, ఆ బరువు వార్డులోంచి లేచి ఏ కోడలి నడుం మీద కూర్చుందో చూడనేలేదు. ఇప్పుడు తన గది ఖాళీ చేయించుకోవాలంటే ఈమె మధ్యాహ్నం నిద్ర పట్టుకుపోవాలి. సిగ్గేసింది. సిగ్గు వెనకే కోపం వచ్చింది, కోపం వెనక చక్కని ఆలోచన వచ్చింది. టేపు సంచి అడుక్కి తోసేసింది.

"బావగారు అక్కడే ఉంటారు గాని, అక్కా, నీ ఇంట్లో ఒక గది నాకిస్తావా?"

పెట్టె సర్దుతుంటే భర్త ఒంటికాలి మీద లేచాడు. "నలుగురూ ఏమనుకుంటారు? అన్నయ్యని ఎవరు చూస్తారు?"

"మీరు చూస్తారు. రండి, నేర్పిస్తాను." రోగుల తాలూకు వాళ్ళకి చెప్పేటప్పటి గొంతు అది. నెమ్మదిగా, కోపం లేకుండా, తప్పించుకునే దారి లేకుండా ఉంటుంది. స్టవ్ వెలిగించి చూపించింది. బియ్యం కడగడం, నీళ్ళు కొలవడం చూపించింది. "ఇప్పుడు మీరు చేసి చూపించండి. చెయ్యకపోతే నేను నేర్పినట్టు లెక్క కాదు." అతను మొదటిసారి మాడ్చాడు, రెండోసారి జావ చేశాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న బావగారికి తల ప్రాణం తోకకొచ్చింది.

"నా కాలు సంగతి మర్చిపోయావమ్మా" అన్నారు దీనంగా.

"మర్చిపోలేదు బావగారూ. స్టూలెక్కిన కాలే కదా, స్టవ్ అంతకన్నా కిందే ఉంది. కూరగాయలు మీరు తరగండి."

తోటికోడలి ఇంట్లో ఆమె బల్ల ముందు కూర్చుని చదివింది. కూర్చుని చదువుతుంటే ఒకసారి చదివింది ఒకసారికే ఎక్కడం చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. మొదట్లో ఫోన్లు వచ్చాయి: ఉప్పెక్కడ, ఇల్లు తుడిచే గుడ్డ ఎక్కడ, పాలు పొంగితే ఏం చెయ్యాలి. పొంగాక చేసేదేమీ లేదని చెప్పింది. తర్వాత తగ్గాయి.

పరీక్షకి ఇంకా వారముందనగా, మధ్యాహ్నం ఆమె చదువుకుంటుంటే, పక్కన తోటికోడలు నిద్రపోతుంటే, భర్త ఫోన్ చేశాడు. గొంతులో పండగ వినిపిస్తోంది.

"అన్నయ్య వెళ్ళిపోతానంటున్నాడే! నా వంట తినలేడట. ఆటో ఎక్కించేస్తున్నా. నీ గది నీకే, వచ్చెయ్ ఇక!"

ఆమె ఇన్నాళ్ళూ కోరుకున్నదే అది. ఊఁ అంటే చాలు, సాయంత్రానికి బల్లా, మంచం, గడియా తనవే. పక్కకి చూసింది. తోటికోడలికి మెలకువ వచ్చింది. ఫోన్లో మాటలన్నీ వినపడ్డాయి కాబోలు, అప్పటికే లేచి కూర్చుని, జుట్టు ముడేసుకుంటూ, మోకాలు పట్టుకుని, కూరేం చెయ్యాలా అన్నట్టు వంటింటి వైపు చూస్తోంది.

ఆమె ఊఁ అనలేదు. ఫోన్ అరచేత్తో మూసి అడిగింది.

"అక్కా, నీకిష్టమేనా?"

తోటికోడలు ఆమె వంక తెల్లబోయి చూసింది. ఆ ప్రశ్న తన్నేనా అన్నట్టు వెనక్కి తిరిగి కూడా చూసింది. తర్వాత నెమ్మదిగా చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది.

"ఇదిగో మరిదీ, ఇక్కడ ఉన్నవి రెండే మంచాలు. రెండూ నిండిపోయాయి" అని ఫోన్ పెట్టేసి, దుప్పటి లాక్కుని, అడ్డంగా పడుకుంది.