ఏడో గది కిటికీ

ఆరో కిటికీ మూసేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. మేస్త్రి పరంజా మీద నిలబడి, తాపీ అంచుకు అంటిన సిమెంటు మాలును బొటనవేలితో గీకి తొట్టెలో పడేశాడు. తాపీ పట్టినవాడు తాపీగా ఉంటాడని భాషను నమ్మితే మోసపోతాం. పొద్దుటి నుంచి మంచినీళ్లకు కూడా ఆయన కిందికి దిగలేదు. పొద్దుగూకేలోపు ఏడు కిటికీలూ గోడలైపోవాలి. ఆరు అయిపోయాయి. ఏడోది ఆయన సొంత గదిది.

సొంత గది అనడం మాటవరసకే. గది ఓనరుది, అద్దె మేస్త్రిది, కిటికీ మాత్రం ఆయన పెళ్లానిది. కిటికీ పక్కన బల్ల వేసుకుని ఆవిడ చుట్టుపక్కల ఇళ్ల బట్టలన్నీ ఇస్త్రీ చేస్తుంది. మేస్త్రీ-ఇస్త్రీ అని ఆ జంటను మేడ మేడంతా ముద్దుగా పిలిచేది. బొగ్గుల పెట్టె పొద్దస్తమానం రాజుకుంటూనే ఉంటుంది. ఆ పొగ పోవడానికి ఉన్న దారి కిటికీ ఒక్కటే. తలుపు తీస్తే ఎదురుగా చీకటి వసారా, దాని అవతల ఇంకో మేడ గోడ.

ఈ గొడవంతా ఒక పరుపుతో మొదలైంది. రోడ్డుకవతల షాపుల మేడ నెత్తిన ఒక ఎలక్ట్రానిక్ బోర్డు పెట్టారు. అందులో ఒకావిడ పరుపు మీద వాలుతుంది, లేస్తుంది, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతుంది. కింద ‘హాయిగా నిద్రపోండి’ అని మనిషంత అక్షరాలు. ఆ వెలుగు ఏడు గదుల్లోనూ తెల్లవార్లూ ఎరుపూ నీలమూ మార్చి మార్చి పడేది. ఒక్కరికీ కన్ను మూతపడితే ఒట్టు. పరుపు అమ్ముకునేవాడికి పరువుతో పని లేదు గనక, మొహం మీద అడిగినా దులిపేసుకున్నాడు. అప్పుడు మేస్త్రి పెళ్లామే మున్సిపాలిటీకి వెళ్లి ఫిర్యాదు ఇచ్చింది.

ఆఫీసరు టేపు పట్టుకుని వచ్చాడు. కొలత కోసం వచ్చినవాడు కలత పెట్టి పోతాడని అప్పుడెవరూ అనుకోలేదు. నిబంధనలు చదివి వినిపించాడు. వెలుగు ఇంతకు మించరాదు. బొమ్మ ఎనిమిది సెకన్లకు ముందు మారరాదు. బోర్డుకూ నివాసపు కిటికీకీ మధ్య దూరం ముప్పై మీటర్లకు తగ్గరాదు. టేపు లాగితే ఇరవై ఒకటి వచ్చింది. ఆ రాత్రే బోర్డు ఆరిపోయింది. వారంలో సరిచేసుకోవాలి, అప్పటిదాకా వెలిగించకూడదని హుకుం. ఏడు గదులూ ఒళ్లు మరిచి నిద్రపోయాయి. రెండో గది దర్జీ అయితే, “వదినా, నీ రవికలకు జన్మలో కుట్టుకూలి తీసుకోను” అని ప్రమాణం చేశాడు.

కానీ షాపుల మేడా, గదుల మేడా ఒకే ఓనరువి. ఏడు గదులు ఏడాదంతా ఇచ్చే అద్దెను ఆ బోర్డు ఒక్క నెలలో ఇస్తుంది. ఓనరు నిబంధనను రెండుసార్లు చదివించుకుని విన్నాడు. ముప్పై మీటర్ల లోపల బోర్డూ కిటికీ కలిసి ఉండకూడదనే ఉంది. ఏది పోవాలో లేదు. నిబంధనలో ఉన్న బంధన ఎప్పుడూ అవతలివాడికేనని ఆయన గట్టి నమ్మకం. మేస్త్రిని పిలిపించాడు.

“బోర్డు కదపాలంటే క్రేను కావాలిరా. కిటికీ కదపాలంటే నువ్వు చాలు.”

“మరి గాలి, బాబూ?”

“తర్వాత పైన ఓ జాలీ పెట్టిస్తాలే. కొత్త షాపుల తాపీ పనంతా నీకే. కాదంటావా, ఇప్పుడే చెప్పు. మేస్త్రీలకేం కరువు? గదులకే కరువు.”

ఓనరు దీర్ఘమున్న జాలీకి మాటిచ్చాడు. దీర్ఘం లేని జాలి ఆయన దగ్గర ఎన్నడూ స్టాకు లేదు. మేస్త్రి తల ఊపి వచ్చేశాడు.

ఇప్పుడు పరంజాను ఏడో కిటికీ ముందుకు జరుపుతుంటే పక్క గోడల్లోంచి దర్జీ గొంతు వినిపించింది. గొంతుకు కూడా మందపాటి దుప్పటి కప్పినట్టుంది.

“వదినా! నిన్ను ఆ కంప్లైంటు ఇవ్వమని ఎవరేడ్చారు? పట్టపగలు లైటేసుకుని కుడుతున్నా. కరెంటు బిల్లు నువ్వు కడతావా?”

“కుట్టేవాడివేగా, ఆ నోరు కూడా కుట్టుకో!” అంటూ ఆవిడ అప్పుడే వసారాలోంచి గదిలోకి వచ్చింది. చేతిలో అన్నం గిన్నె, పెట్టింది పెట్టినట్టే ఉంది. మొదటి గదిలో మంచం దిగలేని ముసలమ్మకు మధ్యాహ్నం ముద్ద పెట్టేది ఈవిడే. ముసలమ్మ కూతురు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి సాయంత్రమవుతుంది.

“తినలేదా?” అన్నాడు మేస్త్రి బయటి నుంచి.

“ఏడుస్తోంది. రాత్రయినా కూతురు ఇంటికి రాలేదంట. దారిలో ఏమైందో చూసి రమ్మని నా కాళ్లు పట్టుకుంటోంది.”

“పగలేనని చెప్పకపోయావా?”

“చెప్పా. పగలైతే వెలుతురేదే అంది. ఏం చెప్పమంటావు? మా ఆయన పట్టుకుపోయాడని చెప్పనా?”

మేస్త్రి ఇటుక తీసి తడిపాడు. మొదటి వరస పేర్చాడు, రెండో వరస పేర్చాడు. పని చెయ్యి ఎరిగినది. మనసును అడక్కుండా చేసుకుపోతుంది. ఆవిడ కూడా ఇస్త్రీ ఆపలేదు. సాయంత్రానికి ఇవ్వాల్సిన చొక్కాలు బల్ల మీద గుట్టగా ఉన్నాయి. లోపల ఆవిడ చొక్కా మడతలు పోగొడుతోంది, బయట ఆయన కిటికీనే మడతపెట్టేస్తున్నాడు. గోడ నడుము దాకా వచ్చింది, రొమ్ము దాకా వచ్చింది. పొగ కప్పుకు తగిలి కిందికి వాలడం మొదలైంది. ఆవిడ దగ్గింది. కొంగుతో మూతి మూసుకుని మళ్లీ పెట్టె తోసింది.

“ఏమయ్యా, ఈ ఒక్క కిటికీ ఉన్నా ఆ బోర్డు వెలగదు కదూ?”

“వెలగదు. ఒక్కటి చాలు, కొలతకి.”

“మరి ఆరు ఎందుకు కట్టావ్?”

మేస్త్రి తాడుకు తూకం గుండు వేలాడదీసి నిలువు చూసుకున్నాడు. గోడ నిలువుగానే ఉంది.

“మనది ఆఖర్న పెట్టుకున్నా. ఈలోపల ఏమైనా అడ్డుపడుతుందేమోనని.”

“అంటే ముసలమ్మది పోయినా ఫర్వాలేదు, మనది మిగిల్తే చాలనుకున్నావ్.”

“ఊఁ.”

“నయం, అబద్ధం చెప్పలేదు” అంది ఆవిడ. దగ్గుతూనే ఇంకో చొక్కా అందుకుంది.

పొద్దు వాలుతుండగా ఓనరు, ఆఫీసరును వెంటబెట్టుకుని రోడ్డు మీదికి వచ్చాడు. ఆఫీసరు ఈసారి టేపు తేలేదు. కిటికీ లేనప్పుడు కొలత దేనికి? గోడలో ఇంకొక్క ఇటుక సందు మిగిలింది. ఆ సందులోంచి పొగ తాడులా బయటికి పాకుతోంది. మేస్త్రి ఆఖరి ఇటుకకు మాలు పరిచి అరచేతిలో పట్టుకున్నాడు.

పొగ వెనకాలే సందులోంచి ఆవిడ చెయ్యి బయటికొచ్చింది. ముంజేతి మీద పెట్టె కాల్చిన పాత మచ్చలు. వేళ్లు గోడ అంచును పట్టుకున్నాయి.

“తియ్యవే” అన్నాడు మేస్త్రి మెల్లగా.

“తియ్యను.”

“ఆయనొచ్చాడు. చూస్తున్నాడు.”

“చూడనీ. నువ్వు పెట్టు. ఆరు పెట్టినవాడివి.”

కింద ఆఫీసరు కళ్లజోడు సర్దుకున్నాడు. “అయిపోయిందన్నారు కదండీ. ఆ చెయ్యేంటి?”

“చెయ్యి ఏం చెయ్యదులెండి” అని ఓనరు తన చమత్కారానికి తనే నవ్వాడు. “మీరు గోడ అని రాసుకోండి.”

“రాయడానికి నాకేం అభ్యంతరం? గోడలోంచి చెయ్యి రాదు కదండీ మరి. రేపు పైవాళ్లొచ్చి చూస్తే నా ఉద్యోగం మీదికొస్తుంది. ఆ చెయ్యి లోపలికి పోయాక రాస్తా.” ఆయన గడియారం చూసుకున్నాడు.

ఓనరు నవ్వు ఆగిపోయింది. తల పైకెత్తి అరిచాడు. “ఏరా! ఆడదాని చెయ్యి తీయించడం కూడా నేనే నేర్పాలా? తీయకపోతే మీద పెట్టెయ్. నొప్పెడితే అదే లాక్కుంటుంది!”

పక్క గోడల్లో దర్జీ మిషను చప్పుడు ఆగింది. లోపల ఆవిడ దగ్గుతోంది. దగ్గినప్పుడల్లా వేళ్లు వదులవుతున్నాయి, మళ్లీ బిగుసుకుంటున్నాయి.

“పెట్టరా!”

మేస్త్రి ఇటుకను సందు దాకా తీసుకెళ్లాడు. వేళ్లకు తడి మాలు తగిలింది. ఆవిడ లాక్కోలేదు. ఆయన ఇటుకను జానెడు వెనక్కి తీసుకుని అలాగే పట్టుకున్నాడు. కిందికి చూడలేదు. కింద ఓనరు తిట్లు అమ్మ దాటి అమ్మమ్మ దాకా వెళ్లాయి. రేపు పొద్దున్నే సామాను రోడ్డు మీద ఉంటుందన్నాడు, ఈ ఊళ్లో ఇంకెవడూ తాపీ ముట్టనివ్వడన్నాడు.

ఇటుక మీద పరిచిన మాలు బిగుసుకోవడం మొదలైంది. ఇంకాస్త ఆలస్యమైతే అది ఏ గోడకూ పట్టదని మేస్త్రికి తెలుసు.

ఆగాడు.